ఎండ కాచిన ఆవిరి

అగస్టిన్ మూషో పుట్టి రెండు వందల ఏళ్లు నిండాయి. 1825 ఏప్రిల్‌లో ఫ్రాన్సులో పుట్టి, బడిపిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ బతికిన ఈ మాస్టారు, బొగ్గుపొగ ఐరోపా పట్టణాలను కమ్ముకుంటున్న కాలంలో, చిటికెడు బొగ్గు కూడా రాజేయకుండా ఒట్టి ఎండతో నీళ్లు మరిగించి, ఆ ఆవిరితో యంత్రాన్ని తిప్పి లోకానికి చూపించాడు. ఆయన అడుగుజాడల్లో బయలుదేరి, ఆయన పద్ధతిలోని లోపాన్ని పట్టుకుని, విలియం ఆడమ్స్ అనే ఆంగ్ల ఉద్యోగి మన బొంబాయి కొలాబాలో అద్దాలు నిలబెట్టి ఆవిరి పంపు నడిపిన ఏడు 1878. దానికి 2028లో నూటయాభై ఏళ్లు నిండుతాయి. ఒక ద్విశత జయంతిని దాటి మరో మైలురాయి వైపు నడుస్తున్న ఈ వేళ, సూర్యుడి వేడిని ఒకచోటికి చేర్చి చక్రం తిప్పాలన్న మనిషి పట్టుదల ఎంత దూరం వచ్చిందో, ఎక్కడెక్కడ ఆగిపోయిందో, ఆగిపోయిన చోట మనం ఏం పోగొట్టుకున్నామో తరచి చూసుకోవడం అవసరం. ఎందుకంటే ఈ చరిత్ర పొడుగునా ఎండ ఎన్నడూ మాట తప్పలేదు. తీర్పు చెప్పింది ప్రతిసారీ ఇంధనం ధరే. ఆ ధర దిగిన ప్రతిసారీ మనుషులు చేతికొచ్చిన విద్యను నడిమధ్యలో వదిలేసి, మళ్లీ అవసరం పడ్డాక మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది.

ఎండను ఒక బిందువులో కూర్చి నిప్పు పుట్టించవచ్చని మన పూర్వులకు తెలుసు. కిరణం సోకితే వేడిని వెళ్లగక్కే సూర్యకాంత మణి ప్రస్తావన కాళిదాసు శాకుంతలంలో ఉంది. ఆర్కిమిడీస్ అద్దాలతో శత్రు నౌకలను తగలబెట్టాడన్న గ్రీకు గాథ నిజమో కాదో తేల్చుకోవాలని ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు బుఫాన్ 1747లో వందకు పైగా చిన్న అద్దాలను ఒక చట్రానికి బిగించి దూరాన ఉన్న కట్టెలను అంటించాడు. 1767లో స్విట్జర్లాండుకు చెందిన సొస్యూర్ గాజు మూతల పెట్టెను ఎండలో ఉంచి, నీరు మరిగే స్థాయిని దాటిన వేడిని అందులో బంధించాడు. మన ఇళ్లలోనైతే మిద్దె మీద వడియాలు పెట్టిన ప్రతి అమ్మమ్మా, కల్లంలో మిరపకాయలు ఆరబోసిన ప్రతి రైతూ, ఉప్పుమడుల్లో సముద్రపు నీరు కట్టిన ప్రతి కూలీ ఎండ చేత పని చేయించుకున్నవారే. అయితే ఆరబెట్టడం వేరు, మండించడం వేరు, బరువు మోయించడం వేరు. బావిలోని నీటిని పైకి తోడే పనికీ, మగ్గాన్ని ఆడించే పనికీ ఎండను పురమాయించాలన్న ఊహకు ఆవిరి యంత్రం పుట్టేదాకా పెద్దగా తావులేదు.

ఆ పురమాయింపు ఎందుకంత కష్టమైందో కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే ఆ తర్వాతి కథంతా ఆ కష్టం చుట్టూనే తిరుగుతుంది. నిర్మలమైన ఆకాశం కింద, నడిమధ్యాహ్నం, ఒక చదరపు మీటరు మేర పడే సూర్యశక్తి దాదాపు 1000 వాట్లు. అందులో రవ్వంత కూడా చేజారకుండా పట్టుకున్నా గంటసేపట్లో కిలోన్నర నీళ్లయినా ఆవిరి కావు. బొగ్గు ఒక చిన్న పొయ్యిలో ఇముడ్చుకుని ఇచ్చే మంటకు సాటి రావాలంటే ఎండకు ఎంతో విశాలమైన అద్దం కావాలి. పైగా ఆవిరి పుడితే చాలదు, యంత్రంలోని పిస్టన్‌ను నెట్టగల ఒత్తిడితో పుట్టాలి. ఒత్తిడి పెరగాలంటే బాయిలర్ మరింత వేడెక్కాలి. వేడెక్కిన కొద్దీ అది చుట్టూ ఉన్న గాలికి తన వేడిని ధారపోస్తూ ఉంటుంది. సూర్యుడు నిలకడగా ఉండడు గనుక అద్దం అతడి వెంట తిరగాలి. పలచటి మబ్బు కమ్మినా, గాలిలో దుమ్ము లేచినా వెలుతురు చెదిరిపోతుంది, చెదిరిన వెలుతురును ఏ అద్దమూ ఒకచోట చేర్చలేదు. పడిన ఎండలో అయిదు శాతాన్ని పనిగా మార్చగలిగిన యంత్రం ఉందనుకుంటే, ఒక్క అశ్వశక్తి కోసం పదిహేను చదరపు మీటర్ల అద్దాన్ని రోజంతా సూర్యుడి వెంట తిప్పుతూ ఉండాలి. రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే ఎండ కాసే మన నేల మీద కూడా ఈ లెక్క మారదు.

ఈ లెక్కకు ఎదురు నిలిచిన మొదటి మనిషి మూషో. 1860లో మొదలైన ఆయన ప్రయోగాలు 1866 నాటికి చిన్న ఆవిరి యంత్రాన్ని నడిపే స్థాయికి చేరాయి. ఆయన దాన్ని మూడో నెపోలియన్ చక్రవర్తి ముందు ప్రదర్శించాడు. 1869లో సూర్యతాపం గురించి, దాని పారిశ్రామిక ఉపయోగాల గురించి పుస్తకం రాశాడు. నేలబొగ్గు ఏదో ఒకనాటికి అడుగంటుతుందని, అప్పుడు పరిశ్రమలు దేన్ని నమ్ముకుంటాయని ఆయన అడిగిన ప్రశ్న, గనులు ఉచ్చదశలో ఉన్న ఆ రోజుల్లో చాలామందికి అనవసరపు బెంగగా తోచి ఉండాలి. మరుసటి ఏడే ప్రష్యాతో యుద్ధం వచ్చింది, పారిస్ ముట్టడిలో ఆ యంత్రం పోయింది. మాస్టారు మళ్లీ మొదలుపెట్టాడు. తూర్ పట్టణంలో ఆయన నిలబెట్టిన కొత్త యంత్రంలో, దీపం మీది గొడుగును తలకిందులు చేసినట్టున్న వెండిపూత అద్దం మధ్యలో, నల్లరంగు పూసిన రాగి బాయిలర్, దాని చుట్టూ వేడిని బయటికి పోనివ్వని గాజు తొడుగు ఉండేవి. 1875లో ఫ్రెంచి సైన్సు అకాడమీకి తన ఫలితాలను నివేదించాడు. తర్వాత ప్రభుత్వం ఆయన్ని అల్జీరియాకు పంపింది. 1878 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో సుమారు ఇరవై చదరపు మీటర్ల అద్దంతో, ఆబెల్ పిఫ్ర్ అనే యువ ఇంజినీరు సాయంతో, ఆయన ఎండ వేడిని అమోనియా శీతల యంత్రానికి ఇచ్చి మంచుగడ్డ తయారు చేశాడు. ఎండ నుంచి మంచు! ఆ ప్రదర్శనలో ఆయనకు బంగారు పతకం దక్కింది.

అక్కడితో ఆయన దశ తిరిగి ఉంటే ఈ సంపాదకీయం అవసరం ఉండేది కాదేమో. కానీ రైలు మార్గాలు విస్తరించాయి, ఇంగ్లండు నుంచి బొగ్గు చౌకగా వచ్చి పడింది. ప్రభుత్వం నియమించిన పరీక్షా సంఘాలు నెలల తరబడి కొలతలు తీసి, ఈ యంత్రాలు పనిచేస్తున్నాయి గానీ ఖర్చుకు గిట్టుబాటు కావని తేల్చాయి. 1882 ఆగస్టులో పారిస్‌లోని త్యూలరీ తోటలో పిఫ్ర్ సూర్య యంత్రంతో అచ్చుయంత్రాన్ని నడిపి, సూర్యుడి పేరే పెట్టిన పత్రికను గంటకు 500 ప్రతుల చొప్పున ముద్రించాడు. పత్రికా కార్యాలయంలో కూర్చుని ఈ వాక్యాలు రాస్తున్న మాకు ఆ మధ్యాహ్నాన్ని తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. కానీ అది ఉత్సవంగానే మిగిలింది. మూషో బోధనకు తిరిగి వెళ్లిపోయాడు, 1912లో పారిస్‌లో పేదరికంలో కన్నుమూశాడు.

ఇప్పుడు కొలాబాకు వద్దాం. ఈ కథలో మన నేల మీద నడిచిన అధ్యాయం ఇదే, మనం దాదాపుగా మరచిపోయిన అధ్యాయమూ ఇదే. విలియం ఆడమ్స్ ఇంజినీరు కాడు, బొంబాయి హైకోర్టులో డిప్యూటీ రిజిస్ట్రారు. మూషో రాసినదాన్ని శ్రద్ధగా చదివి, ఆ గొడుగు అద్దాన్ని ఒక పరిమితికి మించి పెంచలేమని, పెద్ద వంపు అద్దం చేయడం కష్టమని, పెద్దదైన కొద్దీ తిప్పడం అంతకన్నా కష్టమని గ్రహించాడు. ఆయనకు తట్టిన ఉపాయం ఎంత సరళమైనదో అంత గొప్పది: వంపు అద్దమే వద్దు, బజారులో దొరికే చదును అద్దాల ముక్కలను అర్ధవలయాకారపు చట్రానికి ఒక్కొక్కటీ ఒక్కో కోణంలో బిగించి, అన్నిటి వెలుగునూ కదలకుండా నిలిచి ఉన్న ఒకే బాయిలర్ మీదికి మళ్లించాలి. 1876 చివర్లో పని మొదలుపెట్టి, పదిహేడు అంగుళాల పొడవూ పది అంగుళాల వెడల్పూ ఉన్న అద్దాలను ఒకటొకటిగా చేరుస్తూ, చేర్చినప్పుడల్లా వేడి ఎంత పెరిగిందో కొలుస్తూ, 72 అద్దాలైతే 1200 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి అందుతుందని లెక్కగట్టాడు. అద్దాల వెలుగులో పెట్టిన కొయ్యముక్క తక్షణం భగ్గున మండింది. తర్వాత బాయిలర్‌ను నిలిపి, రెండున్నర అశ్వశక్తి ఆవిరి పంపును మధ్య కొలాబాలోని తన బంగళా ఆవరణలో రెండు వారాలపాటు పగటివేళల్లో నడిపి, నగర ప్రముఖులను, సామాన్య ప్రజలను రమ్మని పిలిచి చూపించాడు. అద్దాల పెట్టెతో వంట కూడా చేశాడు. జనవరి ఎండలో ఏడుగురు సిపాయిల భోజనం రెండు గంటల్లో ఉడికింది. ఉష్ణదేశాల్లో ఇంధనానికి బదులు సూర్యతాపాన్ని వాడుకోవచ్చని చాటే ఆయన పుస్తకం 1878లో బొంబాయిలోనే అచ్చయింది.

నేడు కాలిఫోర్నియా నుంచి దుబాయి దాకా ఎడారుల్లో ఎత్తయిన స్తంభం చుట్టూ వేలాది చదును అద్దాలు నిలిపి కట్టిన సౌర విద్యుత్ కేంద్రాలన్నిటి వెనకా ఉన్న మూలసూత్రం ఇదే. కదలని బాయిలర్, దాని వైపు తిరిగిన అనేక చదును అద్దాలు. ఆ సూత్రానికి యంత్రరూపం వచ్చింది మన దేశంలో, మన ఎండలో. ఈ మాట గర్వంగా చెప్పుకోవలసినదే. అయితే ఆ గర్వం పక్కనే మరో సంగతి కూడా చెప్పుకోకపోతే అన్యాయం. అద్దాల చట్రాన్ని అర్ధవలయపు పట్టాల మీద రోజుకు మూడు నాలుగుసార్లు జరపడానికి ఒక కూలీ చాలునని ఆడమ్స్ రాశాడు. ఆ కొలాబా ఎండలో, కళ్లు జిగేల్‌మనే ఆ అద్దాల వెనక నిలబడే మనిషి ఆ పథకంలో కూలీ రేటుగానే లెక్కకొచ్చాడు. మూషోను పంపిన అల్జీరియా ఫ్రెంచి వలస, ఆడమ్స్ పనిచేసిన బొంబాయి బ్రిటిష్ వలస, ఆ తర్వాత మూడున్నర దశాబ్దాలకు ఫ్రాంక్ షూమన్ అనే అమెరికన్ ఇంజినీరు అద్దాలు పరచిన ఈజిప్టు కూడా బ్రిటిష్ వారి చెప్పుచేతల్లోనిదే. బొగ్గు పాలకుల దేశంలో ఉంది, ఎండ పాలితుల దేశంలో ఉంది. సూర్యశక్తి మీద ఐరోపాకు ఆసక్తి కలిగించింది ఉష్ణదేశాల అవసరం కన్నా, అక్కడికి బొగ్గు మోసుకెళ్లడానికయ్యే ఖర్చు. మోత చౌకపడగానే ఆసక్తీ చల్లారింది. బొంబాయి మిల్లుల పొగగొట్టాలు ఇంకో వందేళ్లు పొగ చిమ్మాయి.

అట్లాంటిక్ ఆవల కథను క్లుప్తంగా చెప్పి ముందుకు సాగవచ్చు. యుద్ధనౌకల రూపశిల్పిగా పేరుబడ్డ జాన్ ఎరిక్‌సన్ జీవితపు చివరి రెండు దశాబ్దాలూ సూర్య యంత్రాలకే ధారపోశాడు, పొడవాటి దోనె ఆకారపు అద్దాన్ని వాడి చూశాడు. ఆబ్రీ ఎనియాస్ 1901లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఒక నిప్పుకోళ్ల క్షేత్రంలో 1788 అద్దపు ముక్కలతో 33 అడుగుల వ్యాసమున్న పెద్ద గొడుగు నిలబెట్టి నిమిషానికి 1400 గ్యాలన్ల నీరు తోడించాడు. ఆ తర్వాత ఆరిజోనాలో ఆయన అమ్మిన యంత్రం గాలివానకు కూలింది. పెద్ద వంపు అద్దాల చిక్కును ఆడమ్స్ ఇరవై అయిదేళ్ల ముందే గ్రహించాడు, అవి గాలికీ ఆగవని ఇక్కడ తేలింది.

కాస్త ఆగి చూడవలసింది ఫ్రాంక్ షూమన్ దగ్గర. ఫిలడెల్ఫియాకు చెందిన ఈ ఇంజినీరు తన ముందువారి వైఫల్యాలను చదివి, తక్కువ ఒత్తిడి ఆవిరితోనే పనిచేసే యంత్రాన్ని రూపొందించుకుని, 1912, 1913 సంవత్సరాల్లో కైరో దగ్గర మాదీ వద్ద, ఒక్కొక్కటి 62 మీటర్ల పొడవూ నాలుగు మీటర్ల వెడల్పూ ఉన్న అయిదు దోనె అద్దాలను వరుసగా నిలబెట్టాడు. సూర్యుడి వెంట అవి వాటంతటవే తిరిగేవి. వాటి నాభిలో సాగిన గొట్టాల్లోని ఆవిరి నైలు నది నీటిని నిమిషానికి ఆరు వేల గ్యాలన్ల చొప్పున పత్తి చేలకు ఎత్తిపోసింది. సూర్యాస్తమయం తర్వాత కూడా పంపు నడవడానికి వేడినీటిని నిల్వచేసే ఏర్పాటు అందులో ఉంది. సహారాలో ఇరవై వేల చదరపు మైళ్లలో ఇటువంటి అద్దాలు పరిస్తే ప్రపంచానికంతటికీ సరిపడే శక్తి వస్తుందని ఆయన లెక్కవేశాడు. మూషో పోయిన మరుసటి ఏడే ఇంతటి స్థాయికి ఎదిగిన ఈ విద్య, ఆ పై ఏడు ఐరోపాలో మొదలైన మహాయుద్ధంలో మాడిపోయింది. ఇంజినీర్లు తమ తమ దేశాలకు వెళ్లిపోయారు, అద్దాలూ లోహమూ తుక్కు కింద పోయాయి. 1918లో షూమన్ మరణించాడు. యుద్ధం ముగిసేసరికి ప్రపంచం చమురు యుగంలోకి అడుగుపెట్టింది. రైతుల పక్కన నిలబడి నైలు నీటిని ఎత్తిపోసిన అద్దాల దోనెలను మళ్లీ తలచుకోవడానికి అరవై ఏళ్లు పట్టింది.

ఆ అరవై ఏళ్లలో పూర్తిగా చీకటి లేదు. మన నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ 1950ల తొలినాళ్లలో పుటాకార అద్దపు పొయ్యిని తయారు చేసింది. సామాన్యుడి ఇంటికి ఆ పొయ్యి చేరలేదు. ఫ్రాన్సులో ఫెలిక్స్ త్రోంబ్ ఓదెయోలో మూడు వేల డిగ్రీలు దాటే సూర్యకొలిమి నిర్మించాడు. ఇటలీలో జొవాన్ని ఫ్రాంచా 1960లలో చదును అద్దాలతో ఆవిరి పుట్టించి చూపించాడు. 1973లో చమురు ధరలు మండిపోవడంతో అందరికీ మళ్లీ సూర్యుడు గుర్తొచ్చాడు. కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో 1984 నుంచి 1990 దాకా లుజ్ అనే సంస్థ మొత్తం 354 మెగావాట్ల దోనె అద్దాల కేంద్రాలను తొమ్మిదింటిని కట్టింది. చమురు, గ్యాసు చౌకపడ్డాయి, పన్ను రాయితీలు ఊగిసలాడాయి, 1991లో ఆ సంస్థ దివాలా తీసింది. కేంద్రాలు మాత్రం దశాబ్దాల పాటు నడిచి ఈ విద్యకు మన్నిక ఉందని నిరూపించాయి. వాటిలో మొదటి రెండిటి జాగాలో తర్వాత, వెలుతురును నేరుగా కరెంటుగా మార్చే ఫొటోవోల్టాయిక్ పలకలు వచ్చాయి.

ఈ శతాబ్దంలో వచ్చిన అసలైన మలుపు రాత్రిని జయించడం. సోడియం నైట్రేట్, పొటాషియం నైట్రేట్ కలిపిన లవణాన్ని కరిగించి, స్తంభం తలమీద అద్దాల వెలుగులో 565 డిగ్రీల సెంటీగ్రేడు దాకా కాచి, పెద్ద తొట్లలో దాచుకుని, చీకటి పడ్డాక ఆ వేడితో ఆవిరి పుట్టించి టర్బైన్ తిప్పే పద్ధతి ఇది. స్పెయిన్‌లో 2011లో మొదలైన హెమాసోలార్ కేంద్రం పదిహేను గంటల నిల్వతో రేయింబవళ్లు కరెంటు ఇచ్చింది. మొరాకో, దుబాయి, చైనాలలో ఇంతకు ఎన్నో రెట్ల కేంద్రాలు లేచాయి. అన్నిటి కడుపులోనూ తిరుగుతున్నది మూషో, ఆడమ్స్ నమ్ముకున్న ఆవిరే. ఎదురుదెబ్బలూ ఉన్నాయి. కాలిఫోర్నియాలో 2014లో ప్రారంభమైన ఐవన్‌పా కేంద్రం 1,73,500 జంట అద్దాల సమూహంతో ప్రపంచాన్ని అబ్బురపరచినా, పొద్దున్నే బాయిలర్లను వేడెక్కించడానికి గ్యాసు మండించక తప్పలేదు. అద్దాల వెలుగులో చిక్కి పక్షులు చనిపోతున్నాయన్న ఆవేదన దాన్ని వెంటాడింది.

మన దేశం 2010 జనవరిలో జాతీయ సౌర మిషన్ ప్రకటించినప్పుడు, తొలి దశలో ఆవిరితో నడిచే సౌరతాప విద్యుత్ కేంద్రాలకు పెద్ద పీట వేసింది. ఏడు ప్రాజెక్టులకు 470 మెగావాట్లు కేటాయించింది. యూనిట్‌కు సుమారు 10 నుంచి 12 రూపాయల దాకా ధరలు పలికాయి. వాటిలో పూర్తయింది సగానికన్నా తక్కువ. రాజస్థాన్‌లోని నోఖ్ దగ్గర 50 మెగావాట్లు, ధుర్సర్‌లో 100 మెగావాట్లు, మన అనంతపురం జిల్లా నాగలాపురంలో 50 మెగావాట్లు. నాగలాపురం కేంద్రం 2014లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. రాయలసీమ ఎర్రనేల మీద వరసలు తీరిన ఆ దోనె అద్దాలు షూమన్ మాదీలో నిలిపిన వాటికి వారసులే. నూరేళ్ల కిందట నైలు ఒడ్డున ఆగిన విద్య మళ్లీ తలెత్తిన చోట్లలో మన ఊరొకటి ఉంది. ఈ సంగతి రెండు తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల్లో ఉండవలసినది.

మిగిలిన ప్రాజెక్టులు ఎందుకు ఆగాయన్నదానికి జవాబులో మనం నేర్చుకోవలసింది ఎంతో ఉంది. ఉపగ్రహాల నుంచి అంచనా కట్టిన ఎండకూ, నేల మీద నిజంగా పడిన ఎండకూ పొంతన కుదరలేదు. మన గాలిలోని దుమ్ము, ధూళి, పొగమంచు నేరుగా వచ్చే కిరణాన్ని చెదరగొట్టాయి. అద్దాలు, గొట్టాలు, నూనె, అన్నీ విదేశాల నుంచి రావలసి వచ్చింది. ఈలోగా ఫొటోవోల్టాయిక్ పలకల ధర పాతాళానికి దిగింది. 2017లో రాజస్థాన్‌లోని భడ్లాలో సౌర విద్యుత్తు యూనిట్ 2 రూపాయల 44 పైసలకు పలికింది. అదే ఏడు కర్నూలు జిల్లాలో వెయ్యి మెగావాట్ల సౌర పార్కు సిద్ధమైంది. అందులో బాయిలరూ లేదు, ఆవిరీ లేదు. చెదిరిన వెలుతురు నుంచి కూడా కరెంటు తీయగల పలకలతో ధరలో పోటీపడటం అద్దాలకు అసాధ్యమైంది. దేశానికి చౌకగా కరెంటు దొరికినందుకు సంతోషించవలసిందే, సంతోషిస్తున్నాం కూడా. అయినా మనసులో ఒక కలత మిగిలింది. పదేళ్ల కిందట నాగలాపురంలో, నోఖ్‌లో ఇంజినీర్లు, ఫిట్టర్లు, అద్దాలు తుడిచిన కార్మికులు చెమటోడ్చి నేర్చుకున్న విద్యకు కొత్త కేంద్రాలు లేక, అది వారితోనే ముగిసిపోయే ప్రమాదం ఉంది. మూషో తర్వాత ఫ్రాన్సులోనూ, షూమన్ తర్వాత ఈజిప్టులోనూ జరిగింది సరిగ్గా ఇదే.

కరెంటు విషయంలో పలకలు గెలిచాయి. కానీ ప్రపంచం ఖర్చు చేసే శక్తిలో దాదాపు సగం వేడి రూపంలోనే ఖర్చవుతుంది, అందులో అధిక భాగం ఇప్పటికీ బొగ్గు, చమురు, గ్యాసు మండించి తెచ్చుకుంటున్నదే. పాల కేంద్రంలో పాలు కాయడానికి, అద్దకం తొట్లలో నీరు మరగడానికి, మందుల ఫ్యాక్టరీల బాయిలర్లకు, వేలమందికి అన్నం వండే వంటశాలలకు కావలసింది నూరు నుంచి రెండు వందల డిగ్రీల ఆవిరి. ఇక్కడ పిస్టన్ లేదు, టర్బైన్ లేదు, వేడిని పనిగా మార్చడంలో పోయే నష్టమూ లేదు. అద్దానికి దొరికిన ఎండలో సగానికి పైగా నేరుగా ఉపయోగపడే చోటు ఇదే. ఈ సత్యాన్ని తెలుగు నేల మీద అందరికన్నా ముందు నిరూపించింది తిరుమల. 2002లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నప్రసాదాల వంటశాల మీద వోల్ఫ్‌గాంగ్ షెఫ్లర్ రూపకల్పన చేసిన 106 అద్దాల పళ్లేలను నిలిపింది. రోజుకు నాలుగు వేల కిలోలకు పైగా ఆవిరి, పదిహేను వేల మందికి భోజనం వాటి లక్ష్యం. మబ్బు పట్టిన రోజున పాత డీజిల్ బాయిలర్ ఆదుకునేది. తర్వాత షిర్డీలో 73 పళ్లేలు లేచాయి. ఆబూ రోడ్డులో 770 పెద్ద పళ్లేలతో ఒక మెగావాటు విద్యుత్ కేంద్రమే వెలిసింది. కొలాబా బంగళా ఆవరణలో ఏడుగురికి ఉడికిన అన్నం, సప్తగిరుల మీద వేలమందికి ఉడికే దాకా నడిచింది నూటపాతికేళ్ల ప్రయాణం.

అయితే ఎండ ఎక్కువున్న చోట నీరు తక్కువుంటుంది. ఆవిరిని మళ్లీ నీరుగా చల్లార్చడానికి, దుమ్ము పట్టిన అద్దాలను కడగడానికి నీరు కావాలి. రాష్ట్రంలో అతి తక్కువ వాన పడే అనంతపురం జిల్లాలో ప్రతి బకెట్టు నీటికీ పొలం, పశువు, మనిషి పోటీ ఉంటాయి. గాలితో చల్లార్చే పద్ధతులు ఉన్నాయి గానీ వాటితో ఖర్చు పెరుగుతుంది, ఉత్పత్తి తగ్గుతుంది. పొడిగుడ్డతో, బ్రష్షులతో తుడిచే పద్ధతులూ ఉన్నాయి. వాటికి మనుషుల శ్రమ కావాలి. ఆ శ్రమ మండుటెండలో చేయవలసిన శ్రమ. కొలాబాలో చట్రం జరిపే కూలీని మరచినట్టు నాగలాపురంలో అద్దాలు తుడిచినవారిని మరచిపోతే, వలస పాలకుల లెక్కనే మనం కొనసాగించినవాళ్లమవుతాం. వారి నీడ, నీరు, వేతనం, కళ్ల రక్షణ ప్రాజెక్టు నివేదికలో మొదటి పేజీలో ఉండాలి.

మిగిలిన పని చాలానే ఉంది, అందులో కొంత మన చేతిలోనే ఉంది. ప్రజాధనం, బ్యాంకుల రుణం పొందిన సౌరతాప కేంద్రాలు ఏ నెలలో ఎంత ఎండ పడింది, ఎంత ఆవిరి వచ్చింది, ఏ గొట్టం పగిలింది, ఎన్ని అద్దాలు మార్చారు అన్న పదేళ్ల లెక్కను బహిరంగం చేయాలి. అలాంటి లెక్కలు లేకే 2010లో మన అంచనాలు తప్పాయి. ఐటీఐలలో, పాలిటెక్నిక్‌లలో సోలార్ పలకలు బిగించడం నేర్పుతున్నట్టే అద్దాలు సరిచూడటం, ఆవిరి గొట్టాలు వేయడం, బాయిలర్ నడపడం కలిపి నేర్పే కోర్సు ఒకటి పెట్టాలి. బాయిలర్లు వాడే ఫ్యాక్టరీలకు, బొగ్గు ఖర్చు మిగిలిన మేరకు తీరే రుణాలు ఇప్పించాలి. 2028లో కొలాబా ప్రయోగానికి నూటయాభై ఏళ్లు నిండేలోగా, ఎండ దండిగా కాసే అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు గురుకులాల వంటశాలల్లో కొన్నిటికైనా అద్దాలు బిగించి, నెలనెలా ఎంత ఆవిరి వచ్చింది, ఎన్ని గ్యాసు సిలిండర్లు మిగిలాయి, ఎన్ని రోజులు మబ్బు పట్టింది అన్న లెక్కను పిల్లల చేతనే రాయించి, వంటశాల గోడ మీద అందరికీ కనబడేలా పెట్టించమని రెండు రాష్ట్ర ప్రభుత్వాలనూ కోరుతున్నాం.